పండు మెత్తబడుతుంది, గడ్డి ముదురుతుంది: ఎందుకని?



తనిఖీ నిమిత్తం మేము ఒక గ్రామ సంఘానికి వెళ్ళినప్పుడు సర్వసభ్య సమావేశంలో ఒక పెద్దాయన లేచి నిలబడ్డారు. తన గేదె పాలలో వెన్న శాతం నెల రోజులుగా పడిపోతున్నదని, మిషను తప్పు చూపుతున్నదని, లేదా చూపేవారే తప్పు చూపుతున్నారని అన్నారు. సెక్రటరీ మొహం చిన్నబోయింది. సమావేశంలో గుసగుసలు మొదలైనాయి. సంఘానికి ఇంతకంటె ప్రమాదకరమైన మాట మరొకటి లేదు. కొలతమీద నమ్మకం పోయిన సంఘం ఎన్నాళ్ళో నిలవదు.

మరునాడు ఉదయం అందరి ఎదుట ఆయన పాలను మిషనుమీద రెండుసార్లు, గెర్బర్ పద్ధతిలో ఒకసారి పరీక్ష చేయించాము. మూడుసార్లూ దాదాపు ఒకే అంకె వచ్చింది. అప్పుడు గేదెకు ఏమి మేపుతున్నారని అడిగాము. ఈసారి వరి మిషనుతో కోయించారట. చేలో చెదిరిపడిన గడ్డి పోగుచేసే కూలి గిట్టక అక్కడికక్కడే తగలబెట్టించారట. గడ్డి లేని లోటును తవుడుతో, నూకలతో, చెక్కతో పూడ్చుతున్నారు. తప్పు మిషనులో లేదు, గాటిలో ఉంది.

"గడ్డి తగ్గితే వెన్న తగ్గుతుందండీ" అని మేము చెప్పగా ఆయన కొంతసేపు ఆలోచించి, "ఇన్‌స్పెక్టరు గారూ, ఒక్క సందేహం. మామిడికాయ రాయిలాగా ఉంటుంది, నాలుగు రోజులకు దానంతట అదే మెత్తబడుతుంది. గడ్డి పరక లేతగా ఉంటుంది, నాలుగు వారాలకు గట్టిపడుతుంది. రెండూ మొక్కలే కదా! కాయను మెత్తపరచే సరుకు గడ్డికి ఎందుకు లేదు? ఉంటే గేదెకు ఇంత నమిలే బాధ ఉండేది కాదు గదా!" అన్నారు.

ఇది తేలికగా తీసివేయదగిన ప్రశ్న కాదు. అప్పటికి మాకు తోచిన రెండు మాటలు చెప్పి వచ్చాము. తరువాత తెలిసినవారిని అడిగి, చదివి తెలుసుకున్న విషయాలను సభ్యులందరి ఉపయోగార్థం ఇక్కడ వివరిస్తున్నాము.

కణకవచం అంటే ఏమిటి?

మొక్క శరీరమంతా కంటికి కనిపించని చిన్నచిన్న గదులతో కట్టబడి ఉంటుంది. ఈ గదులను కణాలు అంటారు. పశువు శరీరంలోనూ కణాలు ఉన్నాయి గాని వాటికి గోడలు లేవు, పలుచని పొర మాత్రమే ఉంటుంది. మొక్క కణానికి పొర వెలుపల గట్టి గోడ కూడా ఉంటుంది. దానినే కణకవచం అంటారు. పశువుకు ఎముకలు ఏ పని చేస్తాయో మొక్కకు ఈ గోడలు ఆ పని చేస్తాయి.

ఈ గోడలో ముఖ్యంగా నాలుగు సరుకులు ఉంటాయి. మొదటిది సెల్యులోజు. ఇది సన్నని దారాల రూపంలో ఉండి గోడకు బలాన్ని ఇస్తుంది. పత్తి దూది దాదాపు అంతా సెల్యులోజే. రెండవది హెమీసెల్యులోజు. ఇది దారాలను ఒకదానితో ఒకటి అల్లి పట్టి ఉంచుతుంది. మూడవది పెక్టిన్. ఇది జిగురువంటిది, ఒక గదికి పక్క గదిని అతికిస్తుంది. నాలుగవది లిగ్నిన్. ఇది అన్ని గోడలలోనూ ఉండదు. మొక్క ముదిరినప్పుడు కాడలోను, ఈనెలలోను పోతపోసిన సిమెంటు మాదిరిగా చేరుతుంది. కర్ర కర్రగా ఉండటానికి కారణం ఇదే.

మొదటి మూడూ నిజానికి చక్కెర గొలుసులే. వరి గింజలోని పిండి ఎటువంటి గ్లూకోజుతో తయారైనదో సెల్యులోజు కూడా ఆ గ్లూకోజుతోనే తయారైనది. గొలుసులోని లంకెలు వేరు, అంతే. అంటే గడ్డివామి కూడా ఒక రకమైన ధాన్యపు పాతరే. దానికి తాళం వేసి ఉన్నది, తాళం తీయగలవాడు కావాలి.

ఆ తాళం తీసే పనివాళ్ళే ఎంజైములు. పెక్టిన్‌ను కోసే ఎంజైము వేరు, సెల్యులోజును కోసేది వేరు, హెమీసెల్యులోజును కోసేది వేరు. ఒకరి పని మరొకరు చేయరు.

తీర్మానాల పుస్తకం

ఇక పెద్దాయన ప్రశ్నకు మొదటి జవాబు ఏమంటే, ఆ సరుకు గడ్డికి లేకపోలేదు. గోడలను కోసే ఎంజైములను తయారు చేసుకునే శక్తి ప్రతి మొక్కకూ ఉంది. వరికీ ఉంది, జొన్నకూ ఉంది, మామిడికీ ఉంది. అయితే ఆ శక్తిని ఎప్పుడు, ఎక్కడ, ఎంత వాడాలన్నదే అసలు విషయం.

మన సంఘంలో తీర్మానాల పుస్తకం ఉంటుంది. అందులో ఎన్నో తీర్మానాలు రాసి ఉంటాయి. పుస్తకంలో రాసి ఉన్నంత మాత్రాన డబ్బు ఖర్చు కాదు. అధ్యక్షులు ఉత్తర్వు ఇవ్వాలి, సెక్రటరీ నకలు తీయాలి, ఆ నకలు చూసి గుమాస్తా పని చేయాలి. ఎవరైనా అభ్యంతరం రాసి పెడితే తీర్మానం పుస్తకంలోనే ఉండిపోతుంది.

మొక్కలో ప్రతి జీవకణంలోనూ ఇటువంటి పుస్తకం ఒకటి ఉంది. అందులోని ఒక్కొక్క తీర్మానమే ఒక్కొక్క జన్యువు. వేరులోని కణంలోను, ఆకులోని కణంలోను, పండులోని కణంలోను ఉన్నది ఒకే పుస్తకం. ఏ తీర్మానాన్ని ఎక్కడ అమలు చేయాలన్నదానిలోనే తేడా. జన్యువునుంచి నకలు తయారైతే, ఆ నకలును బట్టి ఎంజైము తయారవుతుంది. నకలు తీయకపోతే ఎంజైము లేదు. ప్రతి జన్యువు తలభాగంలో కొంత ఖాళీ జాగా ఉంటుంది. అక్కడ కొన్ని ప్రోటీనులు వచ్చి కూర్చుంటాయి. కొన్ని "నకలు తీయండి" అనేవి, కొన్ని "ఆపండి" అనేవి. ఏవి కూర్చున్నాయన్నదాన్ని బట్టి పని సాగటమో ఆగటమో జరుగుతుంది.

గోడలు కోసే ఎంజైముల విషయంలో మొక్క ఎంతో జాగ్రత్త వహిస్తుంది. కారణం స్పష్టమే. వేళగాని వేళ గోడ కోస్తే ఇల్లే కూలుతుంది. మూడు ఉదాహరణలు చూద్దాము.

మొదటిది: మొలకెత్తే గింజ

రాగులు నానబెట్టి, మూటగట్టి, మొలక వచ్చిన తరువాత ఎండబెట్టి పిండి చేసుకోవటం మన ఇళ్ళలో ఆడవారికి తెలిసిన పనే. మొలకెత్తిన గింజ నాలుకకు తియ్యగా తగులుతుంది. ఎందుకు?

గింజలో చిన్న మొలక ఒకవైపు, దానికి కావలసిన పిండి నిల్వ మరొకవైపు ఉంటాయి. పిండి గోడలు గల గదులలో ఉంటుంది. మొలకకు ఆహారం అందాలంటే ముందు ఆ గోడలు కరగాలి, తరువాత పిండి చక్కెరగా మారాలి. నీరు తగిలినప్పుడు మొలక గిబ్బరెల్లిన్ అనే ఒక హార్మోనును పంపుతుంది. పిండి చుట్టూ ఉన్న పలుచని పొరలోని కణాలు ఆ కబురు అందుకుని ఎంజైములు తయారు చేసి విడుదల చేస్తాయి.

ఈ హార్మోను కనుగొన్న కథ వరిపైరుకు సంబంధించినదే. జపానులో వరి మొక్కలు కొన్ని అమితంగా పొడుగు పెరిగి, పాలిపోయి, పడిపోయే తెగులు ఒకటి ఉండేది. ఆ రైతులు దానిని "తెలివితక్కువ మొక్క" తెగులు అనేవారు. 1926లో కురొసావా అనే శాస్త్రజ్ఞుడు ఈ తెగులు కలిగించే బూజు ఏదో ఒక పదార్థాన్ని విడుదల చేస్తున్నదని, ఆ పదార్థమే మొక్కను పొడుగు సాగదీస్తున్నదని చూపాడు. 1935లో యబుతా దానికి గిబ్బరెల్లిన్ అని పేరు పెట్టాడు. తరువాత ఈ పదార్థం ఆరోగ్యంగా ఉన్న మొక్కలలో కూడా సహజంగానే ఉన్నదని తేలింది. 1960లో పాలెగ్, యోమో అనే ఇద్దరు విడివిడిగా బార్లీ గింజలపై పరిశోధించి, మొలక లేకపోయినా ఈ హార్మోను తగిలితే చాలు, గింజ పిండిని కరిగించే ఎంజైమును తయారు చేస్తుందని రుజువు చేశారు. బార్లీలో గోడను కరిగించే ఎంజైము కూడా ఈ ఉత్తర్వు కిందే పని చేస్తుంది.

ఉత్తర్వు ఎలా అమలవుతుంది? మామూలుగా కణంలో ఒక అడ్డు ప్రోటీను ఉండి ఈ తీర్మానాలను ఆపి ఉంచుతుంది. గిబ్బరెల్లిన్ వచ్చి తన గ్రాహకానికి అతుక్కోగానే ఆ అడ్డు ప్రోటీను నాశనమవుతుంది. వరిలో ఈ గ్రాహకాన్ని 2005లో జపాను శాస్త్రజ్ఞులు గుర్తించారు. అంటే ఇక్కడ మొక్క చేసేది అభ్యంతరం రాసినవారిని తొలగించటం. అది తొలగగానే తీర్మానం అమలవుతుంది. ఎండకు నేల ఆరిపోయినప్పుడు మరొక హార్మోను పనిచేసి ఈ పనిని వెనక్కు పట్టి ఉంచుతుంది. అందుకే అదను లేనిదే గింజ మొలవదు.

రెండవది: మాగే పండు

మామిడికాయలను గడ్డిలో పెట్టి మాగవేయటం మన తాతల నాటి పద్ధతి. కాయనుంచి ఎథిలీన్ అనే వాయువు స్వల్పంగా వెలువడుతుంది. గడ్డిలో ఆ వాయువు నిలిచి కాయలన్నింటికీ తగులుతుంది. ఒక కాయ మాగితే మిగిలినవీ మాగటం ఇందుకే. పండ్లు ఈ వాయువును తామే తయారు చేసుకుంటాయని 1934లో గేన్ అనే శాస్త్రజ్ఞుడు ఆపిల్ పండ్లతో నిరూపించాడు. ఈ పద్ధతిని వదిలి కార్బైడు పెట్టి మాగవేయటం మన దేశంలో నిషేధం. ఎథిలీన్ వాయువును మాత్రం నిర్ణీత పరిమితికి లోబడి వాడవచ్చును.

ఎథిలీన్ కబురు అందగానే పండులో పెక్టిన్‌ను కోసే ఎంజైముల జన్యువులు, మరికొన్ని గోడ ఎంజైముల జన్యువులు లేస్తాయి. గదులమధ్య జిగురు వదులవుతుంది. కాయ మెత్తబడుతుంది.

టమాటాలో ఈ విషయాన్ని ఎక్కువగా పరిశీలించారు. ఎంతకాలం ఉంచినా సరిగా పండని టమాటా రకం ఒకటి ఉంది. దానిలో చెడిన జన్యువు ఏదో 2002లో కనుగొన్నారు. అది గోడ కోసే ఎంజైము జన్యువు కాదు, ఇతర జన్యువులకు ఉత్తర్వులిచ్చే ప్రోటీను జన్యువు. ఆ రకంలో ఈ ప్రోటీను చెడి, ఉత్తర్వు ఇవ్వటానికి బదులు పనిని అడ్డుకుంటున్నదని 2017లో తేల్చారు. పెద్ద అధికారి ఒకరు ఎదురు తిరిగితే ఆఫీసంతా ఆగిపోయినట్లు.

మరొక పాఠం కూడా ఇక్కడే ఉంది. పెక్టిన్ కోసే ఎంజైములలో ముఖ్యమైనదొకటి తయారు కాకుండా చేస్తే టమాటా మెత్తబడదని భావించి, అమెరికాలో ఒక కంపెనీ అటువంటి టమాటాను తయారు చేసింది. 1994లో దానిని అమ్మకానికి అనుమతించారు. కాని కాయ అనుకున్నంత గట్టిగా నిలవలేదు. కొద్ది సంవత్సరాలలోనే అది మార్కెట్టునుంచి పోయింది. కారణం ఏమంటే, పండు మెత్తబడటం ఒక్క ఎంజైము పని కాదు. ఒక పనివాడు రాకపోతే మిగిలినవారు పని నడిపించారు. 2016లో వేరే ఎంజైమును ఆపి చూడగా టమాటా ఎక్కువ గట్టిగా నిలిచింది. ఏ తాళం ముఖ్యమైనదో పరీక్షించి తెలుసుకోవలసిందే గాని ఊహించి చెప్పటానికి వీలులేదు.

మూడవది: చెరకు వేరు

చెరకు వేరును అడ్డంగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే లోపల గాలి గొట్టాలు కనిపిస్తాయి. వరి వేరులోనూ ఇటువంటివే ఉంటాయి. నీటిలో నిలిచిన వరి వేరు ఊపిరి ఆడక చనిపోకుండా ఉండటానికి ఈ గొట్టాలే కారణం. ఈ గొట్టాలు ఎలా ఏర్పడతాయి? వేరు మధ్యపొరలోని కొన్ని కణాలు తమ గోడలను తామే వదులు చేసుకుని, విడిపోయి, చనిపోయి, ఆ స్థలం ఖాళీ చేస్తాయి. పక్కనున్న కణాలకు మాత్రం ఏమీ కాదు.

బ్రెజిల్ దేశంలోని సావోపాలో విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు చెరకులో ఈ విషయాన్ని పరిశోధించారు. పెక్టిన్‌ను కోసే ఒక ఎంజైము జన్యువు తలభాగంలో ఒక ప్రోటీను వచ్చి కూర్చుని నకలు తీయకుండా అణచగలదని 2019లో ప్రకటించారు. అంటే చెరకులో గోడ కోసే కత్తి ఉన్నది, ఆ కత్తికి ఒర కూడా ఉన్నది. ఈ ఒరను అవసరమైనచోట తొలగించగలిగితే చెరకు పిప్పినుంచి చక్కెరలు రాబట్టడం తేలిక కాగలదని వారి ఆశ. ఆ ఆశ ఫలిస్తే మేతకూ మేలే. అయితే ఇది పరిశోధనశాలలోని విషయం. ఇటువంటి మేత విత్తనం తెచ్చామని ఎవరైనా మీ ఊరు వస్తే తొందరపడి డబ్బు ఇవ్వకండి. ముందు పశువైద్యుని, వ్యవసాయ అధికారిని అడగండి.

మరి గడ్డి ఎందుకు ముదురుతుంది?

ఇప్పుడు పెద్దాయన ప్రశ్నకు పూర్తి జవాబు చెప్పవచ్చును.

గడ్డి లేతగా ఉన్నప్పుడు కణాలు సాగుతుంటాయి. గోడ గట్టిగా బిగుసుకుంటే సాగటం సాధ్యం కాదు. అందుకని ఆ వయసులో మొక్క గోడను కొంచెం కొంచెం వదులు చేసే ప్రోటీనులను తయారు చేస్తుంది. సాగటం పూర్తికాగానే ఆ జన్యువులు అణగిపోతాయి. తరువాత లోపలివైపు మరొక మందపు గోడ కట్టే జన్యువులు, లిగ్నిన్ పోసే జన్యువులు లేస్తాయి. కంకి బరువు మోయాలంటే కాడ నిలబడాలి గదా! కాడలో గట్టిదనాన్ని ఇచ్చే కణాలు గోడ కట్టటం పూర్తి అయ్యాక చనిపోతాయి. పుస్తకమే చినిగిపోయిన తరువాత తీర్మానం అమలుచేసేవారెవరు?

పండు సంగతి వేరు. పండులోని కణాలు చివరివరకు బతికే ఉంటాయి. పక్షో, పశువో, మనిషో తిని విత్తనాన్ని దూరంగా వేయాలన్నది మొక్క అవసరం. అందుకని పండులో గోడ కరిగించే ఉత్తర్వు వెలువడుతుంది. గడ్డి కాడలో కంకి పండేవరకు నిలబడమన్న ఉత్తర్వే వెలువడుతుంది. రెండింటిలోను ఉన్నది ఒకే రకమైన పుస్తకం, అవసరాలు వేరు.

మన వరిగడ్డి విషయంలో మరొక సంగతి కూడా చెప్పుకోవాలి. 1966లో ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ ఐ.ఆర్. 8 అనే పొట్టి రకాన్ని విడుదల చేసింది. 1967లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు దానిని పండించి పేరు పొందారు. ఈ రకం పొట్టిగా ఉండటానికి కారణం గిబ్బరెల్లిన్ తయారు చేసే ఒక జన్యువు చెడి ఉండటమేనని 2002లో తెలిసింది. హార్మోను తగ్గింది, కాడ సాగటం తగ్గింది, పైరు పడిపోవటం తగ్గింది, గింజ పెరిగింది. దేశానికి అన్నం దొరికింది. అయితే పాతకాలపు పొడుగు రకాలతో పోలిస్తే గింజ బరువుకు తగ్గ గడ్డి తగ్గింది. ఉన్న గడ్డిలో ఒక్క పరక కూడా వృథా చేయరాదనటానికి ఇదొక కారణం.

గేదె పొట్టలో జరిగేది

గేదెకు గాని, ఆవుకు గాని సెల్యులోజును కోసే ఎంజైము స్వంతంగా లేదు. ఆ జన్యువు పశువు పుస్తకంలో లేనే లేదు. ఆ పని చేసేది పెద్దపొట్టలో కాపురముంటున్న సూక్ష్మజీవులు. బాక్టీరియాలు గడ్డి తునకలకు అతుక్కుని గోడను కొరుకుతాయి. అక్కడ గాలి లేకుండా బతికే ఒక రకం బూజులు కూడా ఉన్నాయని 1975లో ఆర్పిన్ అనే శాస్త్రజ్ఞుడు గుర్తించాడు. ఇవి గట్టి కాడలోకి వేళ్ళు దించి చీలుస్తాయి. లిగ్నిన్‌ను మాత్రం ఇవి కరిగించలేవు. గడ్డి ఎంత ముదిరితే అంత భాగం పేడలో పోతుంది.

గడ్డి గోడ కరిగితే వచ్చే ముఖ్యమైన పదార్థం అసిటిక్ ఆమ్లం, అంటే పులుపు. రక్తంలో కలిసిన ఈ పదార్థంతో పొదుగు వెన్నను తయారు చేస్తుంది. పాలలోని వెన్నలో సుమారు సగం ఇటువంటి సరుకుతో పొదుగులోనే తయారైనది. మిగిలిన సగం రక్తంలోని కొవ్వునుంచి వచ్చేది.

గడ్డి తగ్గించి నూకలు, తవుడు పెంచితే ఏమవుతుంది? పిండి తొందరగా పులిసి పొట్టలో ఆమ్లం పెరుగుతుంది. నెమరు తగ్గుతుంది, లాలాజలం తగ్గుతుంది. లాలాజలంలోని సోడా ఆ ఆమ్లాన్ని విరిచేది, అదీ తగ్గుతుంది. గోడలు కోసే బాక్టీరియాలు ఆమ్లానికి తట్టుకోలేవు. పైగా ఆ స్థితిలో పొట్టలోని సూక్ష్మజీవులు ఒక విధమైన మారిన కొవ్వును తయారు చేస్తాయి. అది పొదుగుకు చేరి వెన్న తయారు చేసే జన్యువులను అణచివేస్తుంది. చూడండి, ఇక్కడ కూడా తీర్మానాన్ని ఆపే అభ్యంతరమే! పాలు తగ్గకపోవచ్చు గాని వెన్న పడిపోతుంది. మన పెద్దాయన గేదెకు జరిగింది ఇదే. మిషను నిజమే చెప్పింది.

సభ్యులు చేయదగినవి

మొక్క తన తాళం తాను తీయదని తెలిసింది గనుక, తాళం పడకముందే కోయటం ఒక ఉపాయం, పడిన తాళాన్ని మనమే వదులు చేయటం మరొక ఉపాయం.

ఒకటి. పచ్చిమేతను అదనులో కోయండి. జొన్నను సగం పైరు పూతకు వచ్చినప్పుడు కోయాలి. అంతకు ముందు లేత జొన్న, ముఖ్యంగా బెట్టకు వాడిన జొన్న విషం. మొక్కజొన్నను కంకి పాలుపోసుకునే దశలో కోయాలి. హైబ్రిడ్ నేపియర్‌ను మొదటి కోత 60 నుంచి 75 రోజులకు, తరువాత 40, 45 రోజులకొకసారి కోయాలి. ఎక్కువ తూకం వస్తుందని ఆగితే పెరిగేది తూకం కాదు, లిగ్నిన్.

రెండు. ఎండు వరిగడ్డిని యూరియాతో మాగవేయండి. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను సుమారు 50 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా గడ్డి పరచి చల్లుతూ, తొక్కుతూ వామి వేయాలి. గాలి చొరకుండా పట్టాతో కప్పి 3 వారాలు ఉంచాలి. యూరియానుంచి పుట్టిన అమ్మోనియా లిగ్నిన్‌కు, హెమీసెల్యులోజుకు మధ్యనున్న కొన్ని లంకెలను తెంచుతుంది. గోడ వదులై బాక్టీరియాలకు దారి దొరుకుతుంది. గడ్డిలో నత్రజని కూడా పెరుగుతుంది. మేపేముందు గడ్డిని కొంతసేపు ఆరబెట్టి ఘాటు పోనివ్వాలి. కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. 6 నెలల లోపు దూడలకు పెట్టరాదు. యూరియా కలిపిన నీటిని పశువులకు అందేచోట ఒక్క నిముషం కూడా ఉంచరాదు, ప్రాణాపాయం. బూజు పట్టిన గడ్డిని ఈ పనికి వాడరాదు.

మూడు. పచ్చిమేత మిగిలిన రోజులలో పాతర వేయండి. కోసిన మేతలో కణాలు వెంటనే చావవు, గాలి ఉన్నంతసేపు చక్కెరలను ఖర్చు చేస్తూనే ఉంటాయి. అందుకే చిన్న ముక్కలుగా నరికి, బాగా తొక్కి, త్వరగా గాలి తీసివేయాలి. ఆలస్యం చేసిన ప్రతి పూటా పాతరలో నష్టమే.

నాలుగు. దాణా ఎంత పెట్టినా మేత తగ్గించకండి. పశువు తినే ఎండు పదార్థంలో సుమారు మూడింట రెండు వంతులు గడ్డి, పచ్చిమేతల రూపంలో ఉండాలన్నది ఆచరణలో ఉన్న లెక్క. మార్చవలసివస్తే వారం, పది రోజులలో మెల్లగా మార్చాలి.

అయిదు. గడ్డి తగలబెట్టకండి. మిషను కోత తరువాత గడ్డిని కట్టలు కట్టే యంత్రాన్ని సంఘం ద్వారా అద్దెకు తెచ్చుకునే విషయాన్ని పాలకవర్గాలు పరిశీలించటం మంచిది. ఒక్కరికి గిట్టని కూలి పదిమందికి కలిపి గిట్టుతుంది. సహకారం అంటే అదే గదా!

పెద్దాయన మాట చెప్పి ముగిస్తాము. మళ్ళీ తనిఖీకి వెళ్ళినప్పుడు ఆయన పక్క ఊరినుంచి రెండు బండ్ల గడ్డి కొన్నారని, వెన్న శాతం మెల్లగా కోలుకున్నదని సెక్రటరీ చెప్పారు. ఆయన మమ్మల్ని చూసి, "గడ్డి కాల్చినది నేను, అనుమానించినది సెక్రటరీని" అన్నారు, అందరూ వినేట్లుగానే. సెక్రటరీ ఏమీ అనలేదు, ఆయన పాల క్యాను దించటానికి లేచి వెళ్ళాడు.

వెన్న శాతం తగ్గినదని అనుమానం వచ్చిన సభ్యులు అందరి ఎదుట మరల పరీక్ష కోరవచ్చును, అది మీ హక్కు. పరీక్ష సరిగా ఉన్నదని తేలిన తరువాత ఒకసారి గాటివైపు కూడా చూడవలసిందిగా మా మనవి.